పడవ మీద విందు, ఒడ్డు మీద నాటకం

ఇస్తాంబుల్ నగరంలో సాయంకాలం పూట నడిచే విందు పడవలు ఈనాడు అక్కడి పర్యాటకంలో ఒక స్థిరమైన ఏర్పాటు. ఆసియా, ఐరోపా ఖండాలను విడదీస్తూ, ఉత్తరాన నల్ల సముద్రాన్ని దక్షిణాన మర్మరా సముద్రంతో కలిపే ఇరుకైన ఉప్పునీటి పాయకు బోస్ఫరస్ జలసంధి అని పేరు. దాని పొడవు సుమారు 30 కిలోమీటర్లు. చీకటిపడే వేళకు రెండు మూడు అంతస్తుల పడవ ఒకటి ఆ జలసంధిలోకి బయలుదేరి, దాదాపు 3 గంటలు తిరిగి, మళ్లీ ఎక్కించుకున్న రేవుకే చేరుతుంది. ఆ 3 గంటల్లో ప్రయాణికులకు భోజనం వడ్డిస్తారు. బల్లల నడుమ వదిలిన ఖాళీ జాగాలో టర్కీ సంప్రదాయ నృత్యాలు, వాద్యాలు ఒకదాని వెంట ఒకటి ప్రదర్శిస్తారు. కాలువల ఒడ్డున పెరిగి, నాటకాలకు పేరుపడిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు ఇది దూరపు ముచ్చటగా కనిపించవచ్చు. అయినా నీటి మీద ప్రయాణం, రాత్రి వేళ ఆటపాట, ఈ రెండింటిలోనూ కృష్ణా పశ్చిమ డెల్టాకు తరతరాల అనుభవం ఉంది కనుక, ఆ అనుభవం వైపు నుంచి చూసినప్పుడే ఇస్తాంబుల్ పడవలో స్వీకరించదగినదేదో, జాగ్రత్తపడవలసినదేదో తేటపడుతుంది.

పడవలు ఎక్కువగా ఐరోపా ఒడ్డున ఉన్న కబాతాష్, ఎమినోను వంటి రేవుల నుంచి కదులుతాయి. కబాతాష్ దాటగానే ఎడమ వైపు నీటి అంచునే దోల్మాబాహ్చే రాజభవనం కనిపిస్తుంది. 1856లో పూర్తయిన ఈ భవనం ఉస్మానియా సుల్తానుల చివరి కాలపు నివాసం; ఇస్లాం ప్రపంచానికి చివరి ఖలీఫాగా ఉన్న రెండవ అబ్దుల్ మజీద్ 1924 మార్చిలో కుటుంబంతో సహా దేశబహిష్కృతుడై వెళ్లింది ఇక్కడి నుంచే. ఆయన కుమార్తె దుర్రెషెహ్వార్, ఆ వంశానికే చెందిన నీలోఫర్, 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో హైదరాబాదు నిజాం కుమారులిద్దరిని వివాహమాడారు. హైదరాబాదులో పసిపిల్లల వైద్యానికి రాష్ట్రమంతటా పేరున్న నీలోఫర్ ఆసుపత్రి, పాతబస్తీలోని దుర్రెషెహ్వార్ ఆసుపత్రి ఆ రాకుమార్తెల పేర్లనే మోస్తున్నాయి. దుర్రెషెహ్వార్ 1914లో జన్మించింది జలసంధికి ఆవలి ఒడ్డున, ఊస్కుదార్ ప్రాంతంలో. బిడ్డను ఎత్తుకుని గుంటూరు రైలెక్కి నీలోఫర్ ఆసుపత్రికి వెళ్లిన డెల్టా తల్లులకు ఆ పేరు ఈ నీటి ఒడ్డుదని తెలిసే అవకాశం తక్కువ. పడవ మీద వివరణ చెప్పేవారికి హైదరాబాదు సంగతి తెలిసే అవకాశం ఇంకా తక్కువ.

ఆ భవనం దాటి, 1973లో ప్రారంభమైన మొదటి వేలాడు వంతెన కిందుగా సాగితే జలసంధి క్రమంగా సన్నబడి ఒకచోట దాదాపు 700 మీటర్ల వెడల్పుకు వస్తుంది. అక్కడ ఐరోపా వైపు రుమేలి హిసారి, ఆసియా వైపు అనదోలు హిసారి అనే రెండు కోటలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. మొదటిదాన్ని రెండవ మెహమత్ సుల్తాను 1452లో కట్టించి, జలమార్గాన్ని గుప్పిట పెట్టుకుని, మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని జయించాడు. విందు పడవలు చాలావరకు ఈ ఇరుకు పరిసరాల దాకా వెళ్లి వెనుదిరుగుతాయి.

ఈ నీటి మీద రాత్రి సంగీతం పర్యాటకుల కోసం కొత్తగా పుట్టినది కాదన్న సంగతి ముఖ్యమైనది. ఉస్మానియా కాలంలో, ముఖ్యంగా 19వ శతాబ్దంలో, వెన్నెల రాత్రుల్లో గాయకులు, వాద్యకారులు ఒక పడవలో కూర్చుని నడుమ సాగుతుంటే, ఒడ్డునున్న భవంతుల వారు తమ తమ సన్నని తెడ్ల పడవల్లో చుట్టూ చేరి, మాటలు కట్టిపెట్టి, ఆ పాట వెంట గంటల తరబడి నీటి మీద తేలుతూ వెళ్లేవారు. ఆ రాత్రుల జ్ఞాపకాలను అబ్దుల్‌హక్ షినాసి హిసార్ అనే రచయిత 1942లో ప్రత్యేకంగా ఒక పుస్తకంగానే వెలువరించాడు. 1851లో ఆవిరి పడవల సంస్థ ఏర్పడి సామాన్యులకు కూడా జలసంధి ప్రయాణం అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ వెన్నెల విహారాలు మెల్లగా కనుమరుగయ్యాయి. పాత విహారంలో భోజనానికి చోటు స్వల్పం, పాటకు చోటు మొత్తం. ఈనాటి పడవలో ఆ లెక్క తిరగబడింది.

భోజనం మెజె అనే చిన్న చిన్న పళ్లేలతో మొదలవుతుంది. చిక్కని పెరుగులో వెల్లుల్లి, ఆకుకూర కలిపినది, కాల్చిన వంకాయ ముద్ద, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం వంటివి బల్ల మీద ముందుగా పరుస్తారు. తరువాత నిప్పుల మీద కాల్చిన చేప గాని, మాంసం గాని వస్తుంది. సోంపు జాతి గింజల వాసనతో ఉండి నీళ్లు కలపగానే తెల్లబడే రాకీ అనే మద్యం కోరినవారికి పోస్తారు. వడ్డన సాగుతుండగానే ప్రదర్శన మొదలవుతుంది, ప్రదర్శన సాగుతుండగానే పళ్లేలు మారుతుంటాయి.

ప్రదర్శనలో కనిపించే అంశాలు ఒక ఊరివో, ఒక కులానివో, ఒక కాలానివో కావు. ఏజియన్ సముద్ర తీర ప్రాంతానిదైన జైబెక్ నృత్యంలో పురుషుడు చేతులు బారచాపి, బరువైన అడుగులతో నెమ్మదిగా తిరుగుతూ మధ్యమధ్య ఒక మోకాలు నేలకు తాకిస్తాడు. నల్ల సముద్ర తీరపు హోరోన్ నృత్యం దీనికి పూర్తిగా వేరు: మూడు తీగల చిన్న ఫిడేలు వంటి కెమెంచె వాద్యం వేగంగా మోగుతుంటే వరుసకట్టిన నర్తకుల భుజాలు, మోకాళ్లు ఎడతెగకుండా వణుకుతాయి. అనటోలియా పల్లెల పెళ్లిళ్లలో దవుల్ అనే పెద్ద డోలు, జుర్నా అనే సన్నాయి మోగుతుండగా చిటికెన వేళ్లు పట్టుకుని వరుసగా ఆడే హాలాయ్ మరొకటి. వీటి నడుమ కినా గెజెసి అనే వేడుకను, అంటే పెళ్లికి ముందు రాత్రి ఎర్రని ముసుగు కింద కూర్చున్న పెళ్లికూతురి అరచేతిలో గోరింటాకు పెట్టే తంతును, చిన్న దృశ్యంగా చూపుతారు. తెలుగింటి ఆడవారికి ఆ దృశ్యం వివరణ లేకుండానే బోధపడుతుంది. నడుము, పొట్ట కండరాల కదలిక ప్రధానంగా ఉండే ఓరియంటల్ నృత్యం చివర్లో వస్తుంది. అది ఉస్మానియా నగరాల వినోదాలతోను, ఈజిప్టు, అరబ్బు నృత్యాలతోను ముడిపడినది గాని పల్లె సంప్రదాయం కాదు. పెళ్లిపందిరి, పొలంగట్టు, సుల్తాను నగరం, ఇలా వేర్వేరు చోట్ల వేర్వేరు ప్రయోజనాలకు పుట్టిన కళలన్నీ ఒకే రాత్రి, ఒకే చదరం మీద, తలా పది పదిహేను నిమిషాలు పంచుకుంటాయి.

ఈ పంపకంలో అన్నింటికంటె ఎక్కువ నలిగేది సెమా. 1273 డిసెంబరు 17న కోన్యా నగరంలో కన్నుమూసిన సూఫీ కవి, తత్త్వవేత్త జలాలుద్దీన్ రూమీ పేరు మీద ఏర్పడిన మెవ్లెవీ సంప్రదాయంలో భగవత్ స్మరణగా చేసే చక్రభ్రమణమే సెమా. దీన్ని దగ్గరగా గమనిస్తే ప్రతి కదలికకూ ఒక నియమం కనిపిస్తుంది. భక్తుడు తల మీద ధరించే పొడవాటి ఉన్ని టోపీ సమాధిరాయికి, పైన కప్పుకునే నల్లని అంగీ సమాధికి, లోపలి తెల్లని ఘేరా వస్త్రం శవవస్త్రానికి గుర్తులు. నల్ల అంగీ విడిచి నిలబడటమంటే అహంకారపు సమాధి నుంచి బయటికి రావడమని అర్థం చెబుతారు. చేతులు మొదట ఛాతీ మీద అడ్డంగా పెనవేసి భుజాలను పట్టుకుని ఉంటాయి. తిరగడం మొదలయ్యాక మెల్లగా విచ్చుకుని కుడి అరచెయ్యి ఆకాశం వైపు, ఎడమ అరచెయ్యి నేల వైపు తిరుగుతాయి. ఎడమ పాదం ఇరుసుగా నేలను విడవకుండా ఉంటుంది, కుడి పాదం దాన్ని చుట్టి వేస్తూ శరీరాన్ని తిప్పుతుంది. కొత్తగా నేర్చేవారు మేకు బిగించిన చెక్కపలక మీద నిలబడి, ఆ మేకును ఎడమకాలి వేళ్ల సందున పట్టి తిరగడం అభ్యసిస్తారు. నెయ్ అనే వెదురు వంటి రెల్లు వేణువు, కుదూమ్ అనే జంట నగారాలు, ప్రార్థనాగీతం, మూడు ప్రదక్షిణలు, ఆపై సెలాం అనే నాలుగు భాగాల భ్రమణం, చివర ఖురాను పఠనం, ఇవన్నీ కలిస్తేనే అది పూర్తి సెమా. పూర్వం ఈ మార్గంలో ప్రవేశించేవారికి మఠంలో 1001 దినాల శిక్షణ ఉండేది.

టర్కీ గణతంత్ర ప్రభుత్వం 1925లో చట్టం చేసి సూఫీ మఠాలన్నిటినీ మూసివేసింది. 1950ల నుంచి కోన్యాలో సెమాను సాంస్కృతిక ప్రదర్శన రూపంలో అనుమతించడంతో అది మళ్లీ బహిరంగంగా కనిపించసాగింది. యునెస్కో దాన్ని 2005లో మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. అయితే అదే యునెస్కో, సెమా చాలా చోట్ల తన సహజ సందర్భాన్ని విడిచి పర్యాటకుల కోసం జరుగుతున్నదనీ, వ్యాపార అవసరాలకు తగ్గట్టు కురచనై, సులువై పోతున్నదనీ కూడా నమోదు చేసింది. విందు పడవ మీద ఒక్క భక్తుడో, ఒక్క వేషధారో, చెంచాల చప్పుడు మధ్య, రాకీ గ్లాసుల పక్కన, పది నిమిషాలు తిరిగి వెళ్లిపోవడం ఆ మాటకు ప్రత్యక్ష సాక్ష్యం. చూసేవారు చప్పట్లు కొడతారు. అసలు సెమాలో చప్పట్లకు తావే లేదు. ఇది బాధ కలిగించే విషయమని చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇప్పుడు కృష్ణా డెల్టా వైపు చూడవచ్చు. సర్ ఆర్థర్ కాటన్ సూచనల మేరకు విజయవాడ వద్ద కృష్ణా నదికి అడ్డంగా 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట, అంటే నీటిని నిలిపి కాలువల్లోకి మళ్లించే రాతి అడ్డుకట్ట, సాగునీటితో పాటు జలమార్గాలను కూడా ఇచ్చింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బరాజు వచ్చింది. సీతానగరం వైపు నుంచి బయలుదేరే పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర చీలుతుంది. తెనాలి పట్టణం నడుమ నుంచి మూడు కాలువలు పోతాయి, వాటిలో ఒకటి నిజాంపట్నం పేరుతో సముద్రం వైపు సాగుతుంది. దుగ్గిరాల నుంచే బయలుదేరే కొమ్మమూరు కాలువ దాదాపు 113 కిలోమీటర్లు ప్రవహించి పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఆ దారిన పడవ మద్రాసు దాకా పోగలిగేది. 1899లో విజయవాడ–మద్రాసు రైలు మార్గం తెనాలి, బాపట్ల మీదుగా పూర్తయ్యే వరకు, చెన్నపట్నం వెళ్లదలచిన గుంటూరు సీమ వారికి ఈ కాలువ ఒక ముఖ్యమైన దారి.

కాలువ ప్రయాణపు స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి లాకును చూడాలి. కాలువలో ఎగువ నీటిమట్టం ఎత్తుగాను, దిగువ మట్టం పల్లంగాను ఉన్నచోట పడవను దింపడానికి గాని ఎక్కించడానికి గాని రాతితో కట్టి రెండు చివర్లా బరువైన తలుపులు అమర్చిన తొట్టి వంటి నిర్మాణమే లాకు. ఎగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనుక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న తూములు ఎత్తితే తొట్టిలోని నీరు సుడులు తిరుగుతూ దిగువకు జారుతుంది. పడవ నిలుచున్నచోటే అంగుళం అంగుళం కిందికి దిగుతుంటే ఇరువైపులా నాచు పట్టిన తడి గోడలు పైకి లేస్తున్నట్టు అనిపిస్తాయి. రెండు మట్టాలు సమమయ్యాక ముందు తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. ఈ పని తొందరపెడితే జరగదు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు, ఇలా సాగే పడవలో లాకు దగ్గర ఆగడం ప్రయాణంలో భాగమే. కూడు వండుకోవడానికి, కబుర్లకు, పురాణ కాలక్షేపానికి, పదాలు పాడుకోవడానికి అక్కడ కావలసినంత సమయం. ఆ ప్రయాణంలో వినోదాన్ని వేరుగా అమర్చవలసిన పని లేదు.

రాత్రి ఆట మాత్రం ఒడ్డు మీదిది. 20వ శతాబ్దపు మొదటి సగంలో తెనాలి తెలుగు నాటకానికి ఒక రాజధాని వంటిది. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు ఆ పట్టణానికి అంటుకుని ఉండిపోవడానికి నాటకాభిమానం కూడా కారణం. శ్రీరామ విలాస సభ అనే నాటక సమాజం అక్కడ స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, వృత్తిరీత్యా వైద్యులైన గోవిందరాజుల సుబ్బారావు వంటి మహానటుల పేర్లతో ముడిపడి ఉంది. బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన సత్య హరిశ్చంద్రీయం తెలుగు దేశమంతటా ఆడింది. దానిలోని కాటిసీను, అంటే శ్మశానంలో కాటికాపరిగా మారిన హరిశ్చంద్రుని ఘట్టం, గుఱ్ఱం జాషువా పద్యాలను కూడా తనలో కలుపుకుని, తెల్లవారుజామున ప్రేక్షకుల చేత కంటతడి పెట్టించే ఘట్టంగా స్థిరపడింది. పొద్దుపోయాక మొదలైన ఆట కోడికూత దాకా సాగేది. పద్యం ముగించాక నటుడు రాగం తీస్తుంటే హార్మోనియం వెన్నంటేది. జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడి ఉన్న పాత్ర కూడా లేచి మళ్లీ పాడవలసి వచ్చేది. ఆ కళకు నిడివే ప్రాణం. హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకోవడం, ఆలుబిడ్డలను అమ్ముకోవడం రాత్రంతా చూసినవాడికే కాటిసీను గుండెకు తగులుతుంది.

స్థానం నరసింహారావు సంగతి ఇక్కడ కొంత విడిగా చెప్పుకోదగినది. 1902లో బాపట్లలో జన్మించిన ఆయన 1920లో అదే ఊళ్లో, చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాకపోవడంతో, ఆ పాత్ర ధరించి రంగస్థలం మీదికి వచ్చాడు. తరువాత సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారాగా, దేవదేవిగా, మధురవాణిగా స్త్రీ పాత్రలకే జీవితాన్ని అంకితం చేసి 1956లో పద్మశ్రీ పొందాడు. చీరకట్టులో, కొప్పు సర్దుకునే తీరులో, కొంగు వేలికి చుట్టుకునే క్షణంలో ఒక్కొక్క నాయికకు ఒక్కొక్క స్వభావం కల్పించడం ఆయన నటనలోని విశేషం. స్త్రీ వేషం పురుషుడే వేయడం టర్కీకి కూడా పాత అలవాటే. అక్కడి వీధినాటకాల్లో జెన్నె అనే స్త్రీ పాత్రలు మగవారివే. విచిత్రమేమంటే, స్థానం పుట్టిన 1902లోనే ఇస్తాంబుల్‌లో పుట్టిన అఫీఫె జాలె, ఆయన రంగమెక్కిన 1920లోనే, జలసంధికి ఆసియా వైపున ఉన్న కాడికోయ్ నాటకశాలలో రంగమెక్కి, టర్కీలో బహిరంగంగా నటించిన మొదటి ముస్లిం స్త్రీ అయింది. పోలీసులు ఆమెను వెంటాడారు. 1921లో ముస్లిం స్త్రీలు నటించరాదని ఉత్తరువు వచ్చింది. గణతంత్రం వచ్చాక గాని ఆ నిషేధం తొలగలేదు. ఒకే ఏట పుట్టి, ఒకే ఏట రంగమెక్కిన ఈ ఇద్దరిలో ఒకరు స్త్రీ వేషంతో కీర్తి శిఖరం చేరారు, ఒకరు స్త్రీ అయినందుకే వేటాడబడ్డారు. విందు పడవలు రోజూ తిరిగే ఇస్తాంబుల్ నీటి ఒడ్డునే అఫీఫె జాలె చరిత్ర నడిచినా, వాటి కార్యక్రమంలో ఆమె ప్రస్తావన ఉండదు. సంప్రదాయం అన్న మాటకు గోరింటాకు, డోలు మాత్రమే కాక ఇటువంటి పోరాటాలను కూడా చేర్చుకోవడం న్యాయం.

నిడివి తగ్గితే కళ చచ్చిపోతుందని తేల్చి చెప్పడం మాత్రం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే తెలుగు నాటకం ఆ పరీక్షను ఒకసారి ఎదుర్కొంది. గ్రామఫోను ప్లేటు వచ్చినప్పుడు ఒక్కొక్క పక్కన సుమారు 3 నిమిషాలే పట్టేది. పావుగంట రాగం తీసే నటులు ఆ 3 నిమిషాల్లో పద్యాన్ని, రాగాన్ని, భావాన్ని ఇమడ్చవలసి వచ్చింది. అయినా ఆ ప్లేట్లు నాటకాన్ని దెబ్బతీయలేదు. కాఫీ హోటళ్లలో, పెళ్లిపందిళ్లలో మోగి, పద్యం పట్ల ఆకలి పెంచి, జనాన్ని నాటకశాలకే నడిపించాయి. దానికి కారణం స్పష్టం: ప్లేటు విన్నవాడికి పూర్తి నాటకం అదే జిల్లాలో, అదే నెలలో, టిక్కెట్టు కొంటే దొరికేది. ముక్క వెనుక మొత్తం బతికి ఉన్నది. సెమా విషయంలో కూడా, రూమీ వర్ధంతికి ఏటా డిసెంబరులో కోన్యాలో జరిగే దినాలు, ఇస్తాంబుల్‌లోనే పాత గలాతా మఠంలో జరిగే ప్రదర్శనలు ఉన్నంతవరకు, పడవ మీది పది నిమిషాలు ఒక పరిచయంగా చెల్లుతాయి. అవి పోయిన రోజున ఆ పది నిమిషాలకు అర్థమే మిగలదు.

నీడ బొమ్మలాట ఈ సంగతిని ఇంకో వైపు నుంచి చూపుతుంది. టర్కీలో కరగోజ్, హజివత్ అనే ఇద్దరు స్నేహితుల వాగ్వాదం చుట్టూ అల్లిన నీడ బొమ్మలాటను రంజాను రాత్రుల్లో కాఫీ దుకాణాల్లో ఆడేవారు. 2009లో యునెస్కో దాన్ని కూడా గుర్తించింది. ఒంటె తోలుతో చేసిన జానెడున్నర, రెండు జానల బొమ్మలను హయాలీ అనే ఒక్క ఆటగాడే తెర వెనుక ఆడిస్తూ అన్ని గొంతులూ తానే పలుకుతాడు. తెలుగు తోలుబొమ్మలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి, కొన్ని మనిషెత్తు దాకా ఉంటాయి. కుటుంబం మొత్తం తెర వెనుక నిలిచి రామాయణ, భారత కథలు ఆడిస్తుంది. రావణుడు, హనుమంతుడు తెర మీద ఉండగానే బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు దూరి ఊరి సంగతులతో నవ్విస్తారు. కరగోజ్ చేసే మొరటు పరిహాసానికి, కేతిగాడి మాటలకు దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది. అయితే ఇస్తాంబుల్ విందు పడవలు సాధారణంగా కరగోజ్‌ను పక్కన పెట్టి నృత్యాలనే ఎంచుకుంటాయి, ఎందుకంటే మాట మీద ఆధారపడిన కళ పరభాషల ప్రయాణికులకు అందదు. పడవ ఎక్కేవారు ఎవరన్న దాన్ని బట్టే కళ ఎంపిక జరుగుతుంది. తెలుగు నీటి మీద పడవ ఎక్కేవారు ప్రధానంగా తెలుగువారే గనుక ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. పద్యం, బుర్రకథ, తోలుబొమ్మ, మాట మీద నిలిచే కళలన్నీ ఇక్కడి పడవకు తగినవే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు నడుస్తున్న పడవ విహారాల్లో విజయవాడ భవానీ ద్వీపం, గోదావరి పాపికొండలు ముఖ్యమైనవి. పాపికొండల యాత్రలో భోజనం, ఆటపాటలు ఉంటాయి, కాని అవి చాలావరకు సినిమా పాటలు. ఈ విహారాల చరిత్రలో రెండు దుర్దినాలను మరచిపోకూడదు: 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. రెండవది వరద ఉధృతిలో జరిగింది. వినోదం గురించి మాట్లాడేముందు సరంగుకు, అంటే పడవ నడిపే వ్యక్తికి, శిక్షణ ఉన్నదా, జనం లెక్కకు మించలేదా, ప్రతి ఒక్కరికి లైఫ్ జాకెట్ ఉన్నదా అన్నవి తేలాలి. విజయవాడలో ఏటా విజయదశమి సాయంత్రం కనకదుర్గ, మల్లేశ్వరస్వామి వార్లను హంస వాహనం మీద ఊరేగించే తెప్పోత్సవం, అంటే దేవుడి పడవ పండుగ, ఇందుకు మంచి పాఠం. దీపాలు, నాదస్వరం, వేదపఠనంతో నీటి మీద సాగే ఆ ఉత్సవం డెల్టా ప్రజల సొంత సంధ్యా విహారం. బరాజు గుండా వరద ఎక్కువగా పోతున్న సంవత్సరాల్లో మాత్రం హంస వాహనాన్ని ఘాటు దగ్గరే కట్టి ఉంచి పూజ జరిపిస్తారు. అమ్మవారి పడవకే వర్తించిన ఆ నిబంధన టిక్కెట్టు పడవకు రెట్టింపుగా వర్తించాలి.

తెనాలి కాలువల్లో విందు పడవ నడపడం నేటి స్థితిలో సాధ్యం కాదు. వంతెనలు నీటికి దగ్గరగా ఉన్నాయి, లాకులు చాలావరకు మూలపడ్డాయి, గుర్రపుడెక్క పేరుకుపోతుంది, వేసవిలో నీరు కట్టేస్తారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ప్రకటించిన 4వ జాతీయ జలమార్గంలో కొమ్మమూరు కాలువ కూడా ఉంది గాని, ఆ పాత దారి మళ్లీ తెరుచుకోవడానికి వంతెనల నుంచి లాకుల దాకా తిరిగి కట్టవలసినది ఎంతో ఉంది. బాపట్లకు చేరువలోని సూర్యలంక తీరం అందమైనదే, అయితే అలల సముద్రం మీద కూర్చుని భోజనం చేయడం కష్టం. మిగిలినది రేపల్లె. ఆ పట్టణానికి కొద్ది దూరంలోని పెనుమూడి రేవు నుంచి ఆవలి ఒడ్డున పులిగడ్డకు వంతెన పడక పూర్వం జనం పడవల్లోనే కృష్ణ దాటేవారు; మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనానికి పశ్చిమ ఒడ్డు భక్తులు వెళ్లింది అలాగే. అక్కడ నది విశాలం, సముద్రపు పోటు ఎక్కే భాగం కావడంతో బరాజు నుంచి నీరు రాకపోయినా పడవకు లోతు దొరుకుతుంది. రొయ్య, పీత, చేప నిజాంపట్నం వైపు నుంచి తాజాగా వస్తాయి.

అక్కడ ఒక పడవ నడిచే పక్షంలో దాని మీద ఏమి ఆడాలన్న ప్రశ్నకు జవాబు వెదకనక్కరలేదు. బుర్రకథ ముగ్గురితో అయిపోతుంది: తంబూర భుజాన వేసుకుని అందెలు మోగిస్తూ కథ చెప్పే కథకుడు, గుమ్మెట వాయించే ఇద్దరు వంతలు, వారిలో ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ ఆ కళను ఎంత ఎత్తుకు తీసుకుపోయారో తెలిసినవారు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. పడవ చదరానికి ముగ్గురు సరిపోతారు, గుమ్మెట గొంతు ఇంజను చప్పుడును మించి వినిపిస్తుంది. పద్య నాటకం నుంచి తీసుకుంటే రాయబార ఘట్టం వంటి ఒక్క దృశ్యం చాలు, కాటిసీను మాత్రం వడ్డన మధ్య ఆడించరాదు. ప్రదర్శన నడిచినంతసేపు పళ్లేలు తీసి, తరువాత భోజనం పెట్టడం మేలు. అన్నిటికంటె ముఖ్యంగా, పడవ టిక్కెట్టు కొన్నవారికి తెనాలిలోనో రేపల్లెలోనో ఆ వారంలోనే జరిగే పూర్తి నాటకానికి ప్రవేశం కూడా కలిపి ఇవ్వాలి, పడవ రాబడిలో ఒక భాగం ఆ నాటక సమాజానికి చేరాలి. ఖరీఫు కోతలు ముగిసి, సంక్రాంతి దాటి, పల్లెల్లో నాటకాలు కట్టే కాలమూ, కృష్ణలో వరద భయం లేని కాలమూ ఒకటే గనుక, మాఘ ఫాల్గుణ మాసాలు ఈ రెండింటికీ కుదురుతాయి.